తొంభై ఎనిమిది మార్కుల ఫ్రెంచి

మొన్న దసరాకి గద్వాల వెళ్లాను. మా చెల్లెలి ఇల్లు అక్కడే. పండగ పూట నలుగురూ చేరిన ఇంట్లో ఏముంటాయి చెప్పండి, భక్ష్యాలూ, చీరల ముచ్చట్లూ, పిల్లల మార్కుల ముచ్చట్లూ! గద్వాలలో కూర్చుని చీరల సంగతి ఎత్తకపోతే ఆ వూరికే అవమానం గాబట్టి అది ముందు అయిపోయింది. మార్కుల సంగతి మా చెల్లెలు తెచ్చింది. దాని కూతురు హైదరాబాదులో హాస్టల్లో వుండి ఇంటర్ చదువుతోంది. మొదటి సంవత్సరం ఫ్రెంచిలో నూటికి తొంభై ఎనిమిది!

"ఫ్రెంచి అక్కా, ఫ్రెంచి! మన ఇంటా వంటా లేని భాష!" అని మురిసిపోయింది.

నాకూ ముచ్చటేసింది. ఎందుకంటే ఆ భాషతో నేను కూడా నాలుగైదేళ్లుగా కుస్తీ పడుతున్నాను. 2020లో అందరం ఇళ్లల్లో బందీలమై కూర్చున్నప్పుడు వనపర్తిలో మా వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టుకుని మొదలుపెట్టిన వ్యవహారం అది. పరీక్షా లేదు, సర్టిఫికెట్టూ లేదు. సరే, తొంభై ఎనిమిది మార్కుల మనిషి దొరికింది గదా, నాకు కొరుకుడు పడని రెండు మాటలు అడుగుదామని ఫోను తీసి ఒక సినిమా ముక్క పెట్టాను. 2005లో ల్యూక్ జాకే అనే ఆయన తీసిన పెంగ్విన్ల సినిమా. ఆస్కారు కూడా వచ్చింది దానికి. మంచు ఎడారిలో తల్లి పక్షి గుడ్డు పెట్టి తిండి కోసం సముద్రానికి పోతే, తండ్రి పక్షి ఆ గుడ్డును పాదాల మీద పెట్టుకుని రెండు నెలలు తిండీ తిప్పలూ లేకుండా నిలబడుతుంది. (మన ఇళ్లల్లో మగవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసిన సినిమా!) ఫ్రెంచిలో ఆ పక్షులే 'నేను', 'మనం' అంటూ మాట్లాడతాయి.

"ఏమంటున్నదే ఆ పక్షి, కాస్త చెప్పు" అన్నాను.

పిల్ల రెండు నిమిషాలు రెప్ప వెయ్యకుండా చూసింది. మొహం చిన్నబోయింది.

"అది మా సిలబస్‌లో లేదు పెద్దమ్మా" అన్నది.

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు సుమండీ. ఆ పిల్ల మందబుద్ధి కాదు. ఒక్క మాట వినబడితే పట్టుకునే చురుకు వుంది. ఏడాదిపాటు ఫ్రెంచి చదివి, తొంభై ఎనిమిది తెచ్చుకుని, ఒక్క వాక్యం చెవికెక్కకపోతే తప్పు ఎవరిది?

తెల్లవారి కూర్చోబెట్టి అడిగాను, అసలేం నేర్పారే అని. కాలేజీ పేరు ఎందుకు లెండి, ఆ ఒక్కటే అయితే గదా! అచ్చువేసిన నోట్సు ఒకటి ఇచ్చారట. అందులో ప్రశ్నలూ, జవాబులూ, ఒక వుత్తరం, నాలుగు అనువాదాలు. బట్టీ పట్టి రాయడమే. ఏడాది మొత్తంలో క్లాసులో పిల్లల నోట ఫ్రెంచి పలికించిన రోజు లేదట. 'మరి ఫ్రెంచి ఎందుకు తీసుకున్నావే?' అంటే, 'తెలుగు తీసుకుంటే మార్కులు కోస్తారు పెద్దమ్మా, దీంట్లో అయితే దండిగా వేస్తారు' అన్నది. అదీ సంగతి!

ఇదొక చదువా అని నేనడుగుతున్నాను. అమ్మభాషను మార్కులు రావని వదిలిపెట్టి, పరాయిభాషను మార్కులు వస్తాయని పట్టుకుని, చివరికి రెండూ రాకుండా బయటపడుతున్నారు పిల్లలు. 2018లో చట్టం చేసి బడుల్లో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేశారు, సంతోషమే. పదకొండో ఏడు రాగానే ఆ తలుపు తెరిచేసి 'పారిపొండి' అన్నట్టుంది వ్యవహారం. కొందరు సంస్కృతంలోకి, కొందరు ఫ్రెంచిలోకి. కాళిదాసు మీద ప్రేమా కాదు, విక్టర్ హ్యూగో మీద మోజూ కాదు.

మా చెల్లెలికి కోపం వచ్చింది. "నీకేం అక్కా, ఎన్నయినా చెప్తవు. మార్కులు వస్తే సాలదా? రేపు ర్యాంకు కావొద్దా?" అన్నది.

తల్లులందరూ అనే మాటే గనక జవాబు చెప్పి తీరాలి. అమ్మా, ఎంసెట్ ర్యాంకులో భాషల మార్కులు ఎన్నడూ కలిసింది లేదు. గ్రూపు సబ్జెక్టులకు ఇస్తూ వచ్చిన పాతిక శాతం వెయిటేజీని కూడా 2023లో ఎత్తేశారు. మరి ఈ తొంభై ఎనిమిది ఎవరికి పనికొచ్చినట్టు? కాలేజీ గేటు మీద కట్టే ఫ్లెక్సీకి! వెయ్యికి ఇంత అని పిల్లల బొమ్మలు వేసి వూరంతా కడతారే, దానికి. మన పిల్ల రెండేళ్లు మెడలు వంచుకుని బట్టీ పట్టింది వాళ్ల ప్రకటన కోసమన్నమాట.

ఇక 'ఇంటా వంటా లేని భాష' అన్నది చూడండి, అదీ నిజం కాదు. మా చెల్లెలు ఆ మాట అన్నప్పుడు కట్టుకున్నది షిఫాన్ చీర. ఫ్రెంచిలో షిఫోన్ అంటే గుడ్డపేలిక, మసిగుడ్డ! చెప్పగానే దాని మొహం చూడాల్సింది. (గద్వాల చీరను ఎవరూ ఆ మాట అనలేరులే అని ఓదార్చాను.) జార్జెట్ ఒక ఫ్రెంచి కుట్టుపనావిడ పేరు. వంటింట్లో ఆమ్లెట్టూ కట్లెట్టూ ఆ భాషవే. గోదావరి వొడ్డున యానాంలో మన తెలుగువాళ్లే 1954 దాకా ఫ్రెంచి జెండా కింద కాపురాలు చేశారు. హైదరాబాదులో మూసారాంబాగ్ అని రోజూ బస్సు కండక్టర్లు అరుస్తారే, అది 1798లో చనిపోయిన నిజాం సైన్యాధికారి రేమండ్ అనే ఫ్రెంచివాడి పేరే, జనం నోట 'మూసారాం' అయింది.

కాబట్టి ఫ్రెంచి మీద నాకే పగా లేదు. నా తగువంతా దాన్ని చెవిలో పడకుండా నేర్పడం మీద. ఇది మన తెలుగువంటి భాష కాదు. మనం పలికింది రాస్తాం, రాసింది పలుకుతాం. వాళ్లకు రాత ఒక దారి, నోరు ఒక దారి. నీళ్లు అన్న మాటకు మూడు అక్షరాలు రాసి 'ఓ' అంటారు. బహువచనానికి ఇంకో అక్షరం తగిలించీ 'ఓ' అనే అంటారు! పక్షికి ఆరక్షరాలు రాసి 'వాజో' అంటారు, రాసిన అక్షరాల్లో ఒక్కటీ తన సొంత గొంతుతో పలకదు. ఇలాంటి భాషను కాగితం మీద మాత్రమే నేర్చినవాళ్లకి అది వినబడ్డప్పుడు ఏం తెలుస్తుంది? మా పిల్లకు పక్షి అన్న మాట రాయడం వచ్చు. నేను పెట్టిన సినిమాలో ఆ మాట చెవి పక్కనుంచే ఎగిరిపోయినా పోల్చుకోలేదు.

మరి నేనెలా నేర్చుకున్నానూ అంటే, అడవులూ నదులూ జంతువుల వీడియోలు చూసి. మామూలు సినిమాలతో మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాను. పాత్రలు మాటలు సగం మింగేస్తారు, దెబ్బలాడుకుంటారు, ఏడుస్తూ మాట్లాడతారు. ప్రకృతి చిత్రాల్లో అలా కాదు. తెర మీద కనబడుతున్న దాన్నే చెప్తారు, నింపాదిగా చెప్తారు, చాలావరకు వర్తమానకాలంలో చెప్తారు. పక్షి ఎగురుతుంది, ఆకు రాలుతుంది, నీళ్లు పారతాయి. అవే మాటలు పదిసార్లు వస్తాయి. పైగా వస్తువు మనకు ముందే తెలుసు. చెరువునీ, తేనెపట్టునీ, కప్పనీ మనకు కొత్తగా చూపించనక్కర్లేదు గదా! తెలియాల్సింది మాట ఒక్కటే. బిడ్డకు చందమామను చూపించి పేరు చెప్తామే, అదే పద్ధతి.

నా పద్ధతి చెప్తాను, నవ్వకండి. మూడు నిమిషాల ముక్క ఒకటి తీసుకుంటాను. మొదటిసారి గొంతు నొక్కేసి బొమ్మ మాత్రమే చూస్తాను, ఏం జరుగుతున్నదో తెలుగులో నాకు నేనే చెప్పుకుంటాను. రెండోసారి గొంతుతో. మూడోసారి కింద ఫ్రెంచి అక్షరాలు పెట్టుకుని. ఇంగ్లీషు అక్షరాలు పెట్టారా, చెడ్డారన్నమాటే! కన్ను హాయిగా ఇంగ్లీషు చదువుకుంటుంది, చెవి గుర్రుపెట్టి నిద్రపోతుంది. ఆ తర్వాత పాలవాడి లెక్కల పుస్తకంలో వెనక పేజీల్లో ఆరేడు మాటలు రాసుకుని, పప్పు మూడు విజిళ్లు వచ్చేలోగా పైకి అంటూ వుంటాను. మా ఆయన మొదట్లో భయపడ్డారు. ఇప్పుడు అలవాటైంది. టీవీ ఫైవ్ మోండ్ వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసమే చిన్న చిన్న వీడియోలకు అభ్యాసాలు కట్టి పైసా తీసుకోకుండా పెట్టారు. 1993 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఫ్రాన్సు టీవీలో పిల్లలకోసం వచ్చిన 'సే పా సోర్సియే' అనే సైన్సు కార్యక్రమం వుంది, లారీలో కూర్చుని బొమ్మలు కట్టి చూపిస్తూ చెప్తారు. వాళ్ల వేగం అందుకోవడం నా తరం కాదు గానీ, బొమ్మ చెప్పేది చెప్పేస్తుంది. యాన్ ఆర్త్యూస్ బెర్త్రాఁ భూగోళాన్నంతా ఆకాశం నుంచి తీసిన 'హోమ్' సినిమాను 2009 జూన్ 5న, పర్యావరణ దినం నాడు, లోకమంతటికీ వూరికే చూపించారు.

వీడియోలు చూస్తే చాలు భాష వచ్చేస్తుందని నేను కోతలు కొయ్యను. వ్యాకరణం పుస్తకం ముట్టుకోక తప్పదు, తప్పులు దిద్దేవాళ్లు ఒకరు లేకా తప్పదు. పారిస్ వీధిలో నన్ను వదిలేస్తే ఇంటికి దారి అడగగలను, బేరం ఆడలేను. అయినా పెంగ్విన్ ఏమంటున్నదో నాకు తెలుస్తుంది. ఇంకో మాట, పెంగ్విన్‌ను ఫ్రెంచిలో ఆ మాటతో పిలవకూడదు. వాళ్ల 'పాంగ్వాఁ' ఉత్తరపు చలి సముద్రాల్లో వుండే వేరే పక్షి. ఈ సినిమాలో పక్షి 'మాఁషో'. అంటే చెయ్యి లేనిది అని! ఇటువంటివి నోట్సులో ఎక్కడుంటాయి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటాం గదా, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ గడ్డ గనుక. ఆ రెండు నదులకూ ఇంగ్లీషులో మాట ఒకటే. ఫ్రెంచిలో అలా కుదరదు. సముద్రంలో కలిసేది 'ఫ్లవ్', మరో నదిలో కలిసేది 'రివియేర్'. కృష్ణ ఫ్లవ్, తుంగభద్ర రివియేర్. అవతల నాగర్‌కర్నూలు వైపు డిండి కూడా రివియేరే. నడిగడ్డలో పుట్టిన పిల్లకు ఈ తేడా ఒక్క నిమిషంలో ఎక్కుతుంది, ఇంటి ముందే వుంది గనక. అడిగాను. మా పిల్లకు రెండు మాటలూ వచ్చు. రెండింటి పక్కనా 'నది' అని రాసి వుందట నోట్సులో! సుంకేసుల బ్యారేజి అంటారు రైతులు, ఆ మాట ఫ్రెంచిదే, 'బరాజ్'. రిజర్వాయరు కూడా వాళ్లదే. పొలంలో మునిమనవడికి కూడా తెలిసిన మాటలు ఇవి. అక్కడినుంచి మొదలుపెట్టి నేర్పితే ఆ భాషకు పిల్ల దూరమవుతుందా చెప్పండి.

పోనీ, నేర్చుకుని ఏం చెయ్యాలి, ఫ్రెంచి కూడు పెడుతుందా అన్నది మా పక్కింటావిడ. ఆవిడ పుట్టిల్లు కొల్లాపూర్ వైపు. శ్రీశైలం నీళ్లలో మునిగిపోయిన వూళ్లలో వాళ్ల వూరు ఒకటి. 1981 ప్రాంతంలో ఇల్లు విడిచి వస్తూ వాళ్లమ్మ గడపకు పసుపు రాసి వచ్చిందట. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అక్కడికి వచ్చేసరికి ఆవిడ గొంతు పట్టేస్తుంది. రెండు నదులూ కలిసే కూడవెల్లిలో వున్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడిని విప్పి కట్టగలిగారు, వూరిని విప్పి కట్టేదెవరు?

ఆల్ప్స్ కొండల దగ్గర ద్యురాఁస్ అనే నది వుంది. రోన్ నదిలో కలుస్తుంది గనుక అదీ రివియేరే. దాని మీద సేర్ పోన్సోఁ అనే పెద్ద ఆనకట్ట కట్టి, 1961 నాటికి నీళ్లు నింపారు. సావీన్ అనే వూరు మునిగింది. నీళ్లు రాకముందే ఇళ్లు కూలగొట్టేశారు, ఆ పైన ఒడ్డున కొత్త సావీన్ కట్టారు. దిబ్బ మీద వున్న చిన్న ప్రార్థనామందిరం ఒక్కటి మునగకుండా చెరువు నడుమ దీవిలా మిగిలింది. ఇప్పటికీ అక్కడికి పోయినవాళ్లు దాన్నే ఫోటో తీసుకుంటారు. ఆ వూరి సంగతులు ఫ్రెంచిలో చూస్తుంటే మా పక్కింటావిడ ఎందుకో వచ్చి నిలబడింది. తెర మీద పాత సావీన్ వీధి, ఆ తర్వాత అదే చోట నీళ్లు. భాష తెలియదు. అయినా, "ఈళ్లు గూడ మునిగిండ్రా?" అని అడిగింది. కూర్చోబెట్టి నాకు తెలిసినంత మటుకు మాట మాటకూ అర్థం చెప్పాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం అన్నం ఆలస్యంగా తిన్నాం. కూడు పెడుతుందా అని ఆవిడ మళ్లీ అడగలేదు.

నల్లమల సంగతి ఇంతకన్నా దగ్గరిది. 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం కోసం వెతుకుతారన్న కబురు రాగానే నాగర్‌కర్నూలు జిల్లా అంతా అట్టుడికింది. చెంచులు, రైతులు, చదువుకున్న పిల్లలు ఒక్కటై నిలబడ్డారు. సెప్టెంబరులో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. అప్పుడు మనం అందరినీ అడిగాం, తవ్వితే ఏమవుతుంది అని. తవ్వి చూసినవాళ్లు వున్నారు. ఫ్రాన్సులో లిమూజేఁ ప్రాంతంలో 1948లో యురేనియం దొరికింది. 2001లో ఆఖరి గని మూసేదాకా తవ్వారు. మూసిన తర్వాత మట్టిదిబ్బల గురించీ, వాగుల గురించీ అక్కడివాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నదంతా ఫ్రెంచిలోనే వుంది. ఆఫ్రికాలో నైజర్ దేశంలో ఆర్లిత్ అనే యురేనియం వూరుంది. అమీనా వైరా అనే అమ్మాయి, గనిలో పనిచేసి రిటైరైన కార్మికుడి కూతురు, 2016లో తన వూరి మీద సినిమా తీసింది. 'గాలిలో కోపం' అని దాని పేరుకు అర్థం. కూతురు కెమెరా పట్టుకుని తండ్రిని అడుగుతుంది, నాన్నా, ఇన్నేళ్లు ఏం పని చేశావు, నీకు ఏం చెప్పారు, ఏం చెప్పలేదు అని. అచ్చంపేటలో ఇంటర్ చదివే పిల్ల ఒక్కతయినా ఆ సినిమా చూసి మన భాషలో నాలుగు ముక్కలు చెప్పగలిగితే, ఆ ఏడాది ఫ్రెంచి దండగ కాదని నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

అందుకని బోర్డు పెద్దలను ఒక్కటి అడుగుతున్నాను. 2023-24 నుంచి ఇంగ్లీషుకు ఇరవై మార్కుల ప్రాక్టికల్ పెట్టారు గదా, మంచి పని. ఫ్రెంచికి ఎందుకు పెట్టరు? మూడు నిమిషాల వీడియో చూపించండి. ఏ పక్షో, ఏ వాగో. విన్నది చెప్పమనండి. తప్పులతో చెప్పినా మార్కులు వెయ్యండి, చెప్పనివాళ్లకు కొయ్యండి. మరునాడు ఫ్రెంచి బెంచీలు సగం ఖాళీ అవుతాయి. మిగిలినవాళ్లు నేర్చుకుంటారు. వెళ్లిపోయినవాళ్లు తెలుగులోకి వస్తారు, అక్కడ మార్కులు కోసే మేష్టర్లతో ఇంకో తగువు పెట్టుకుందాం, దానికి వేరే వారం వుంది.

బోర్డు వింటుందని నాకు పెద్ద ఆశ లేదు. తల్లులు వింటే చాలు. దసరా సెలవులకో, వేసవికో పిల్ల ఇంటికి వచ్చినప్పుడు ఆ తొంభై ఎనిమిది పక్కన పెట్టి, వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుని, 'ఈ పక్షి ఏమంటున్నదే, నాకూ చెప్పు' అనండి. చెప్పలేకపోతే తిట్టకండి, ఇద్దరూ కలిసి వినండి. మనకు కూడా రాదు గనక పిల్లకు సిగ్గు వుండదు.

పండగ అయి వనపర్తికి తిరిగి వస్తూ బీచుపల్లి వంతెన మీద బస్సు వెళ్తుండగా కృష్ణను ఫోటో తీసి మా పిల్లకు పంపించాను. వంతెన నిండా ఎండ, కింద నిండుగా నీళ్లు. ఏమీ రాయలేదు. పెబ్బేరు వచ్చేసరికి జవాబు వచ్చింది, ఫ్రెంచిలో. 'కృష్ణ ఎ త్యూన్ ఫ్లవ్' అని. నాలుగే మాటలు, అందులో రెండు తప్పులు. నది పేరు ముందు 'లా' వుండాలి, లేదు. ఫ్లవ్ అన్నది ఫ్రెంచిలో మగమాట, 'ఎ తాఁ ఫ్లవ్' అనాలి, ఈ పిల్ల కృష్ణమ్మ గదా అని ఆడమాట చేసేసింది. ఆ నోట్సులో లేని వాక్యం అది. నేను దిద్దలేదు. తుంగభద్ర సంగతేమిటి అని తిరిగి రాశాను.